రోకలిబండ నడక మీద ఎంటెక్

ఎంటెక్‌లో నా థీసిస్ రోకలిబండ నడక మీద. వానాకాలంలో గోడల వెంట, బాత్రూమ్ మూలల్లో నల్లగా నిగనిగలాడుతూ పాకుతుంది చూడండి, పుల్లతో కదిపితే చుట్ట చుట్టుకుపోతుంది, అదే. దాని కాళ్ళు కదిలే వరసను కొలిచి, అదే వరసలో అడుగులు వేసే రోబోను కట్టి, ఎగుడుదిగుడు నేల మీద నడిపించడం నా పని. ఈ రంగాన్ని బయో ఇన్‌స్పైర్డ్ రోబోటిక్స్ అంటారు. నేను బీటెక్ మెకానికల్ గుంటూరు దగ్గర ఒక కాలేజీలో, ఎంటెక్ ఒక ఐఐటీలో చేశాను. ఈ మధ్య జూనియర్లు ఫోన్ చేసి "అక్కా, అందులో ఏం చదవాలి, బయాలజీ రావాలా, ఉద్యోగాలు వస్తాయా" అని అడుగుతున్నారు. అందరికీ అవే మాటలు చెబుతున్నాను కాబట్టి ఒకసారి తీరిగ్గా రాస్తున్నాను.

మన దేశంలో ఈ పేరుతో నేరుగా ఎంటెక్ సీటు కోసం వెతికితే దొరకడం కష్టం. మెకానికల్‌లోనో, రోబోటిక్స్‌లోనో, కంట్రోల్ సిస్టమ్స్‌లోనో గేట్ స్కోరుతో చేరి, జంతువుల కదలిక మీద పనిచేసే ప్రొఫెసర్ దగ్గర ప్రాజెక్టు తీసుకోవాలి. అందుకే కాలేజీ పేరు కన్నా ల్యాబ్ ముఖ్యం. గేట్ మీద చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. బదులుగా వారానికి 8 గంటలు టీచింగ్ అసిస్టెంట్ పని చేయాలి. నాకు ఫస్టియర్ బీటెక్ పిల్లల వర్క్‌షాప్ పడింది. మెస్ బిల్లు పోగా చేతిలో మిగిలేది తక్కువే అయినా ఇంటికి ఫోన్ చేసి డబ్బు అడిగే అవసరం రాలేదు.

మొదటి ఏడాది క్లాసులు, రెండో ఏడాది ప్రాజెక్టు. రోబో కైనమాటిక్స్, డైనమిక్స్ మెకానికల్ వాళ్ళకు కొత్త కాదు. నాన్‌లీనియర్ డైనమిక్స్ మాత్రం మనసు పెట్టి చదవాలి, ఎందుకంటే ఈ రంగంలో నడకను రాసేది ఆ గణితంతోనే. బీటెక్‌లో మనం నేర్చుకున్న కంట్రోల్‌లో ముందు ఒక లక్ష్యం ఉంటుంది, అక్కడికి చేరి ఆగిపోవడమే పని. నడకలో అలా ఆగే చోటు లేదు. ఒక చక్రం పూర్తయి మళ్ళీ మొదలవుతూ ఉండాలి. మధ్యలో ఎవరైనా తోసినా కాసేపట్లో ఆ చక్రంలోకే తిరిగి రావాలి. దీన్ని లిమిట్ సైకిల్ అంటారు. గేట్ సిలబస్‌లో దీని ఊసే ఉండదు, ఇక్కడేమో మొదటి నెల నుంచీ ఇదే.

ఇంతకూ ఆ లయ జంతువులో ఎక్కడ పుడుతుంది? 1911లో బ్రిటన్‌లో థామస్ గ్రాహం బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు పిల్లుల మీద ప్రయోగాలు చేసి, మెదడుతో సంబంధం తెగిపోయినా, కాళ్ళ నుంచి స్పర్శ సమాచారం అందకపోయినా, వెన్నుపాము తనంతట తానే అడుగుల లయను పుట్టించగలదని చూపించాడు. అలా లయను పుట్టించే నాడీ వలయాలను ఇప్పుడు సెంట్రల్ పాటర్న్ జెనరేటర్లు, పొట్టిగా సీపీజీలు అంటున్నాం. రోబోలో దీన్ని రాసే పద్ధతి విచిత్రంగా తేలిక. కాలికొక ఆసిలేటర్, అంటే లోలకంలా ఒకే లయలో ఊగుతూ ఉండే ఒక సమీకరణం, పెడతాం. పక్క కాలి ఆసిలేటర్‌తో దానికి లయలో ఇంత ముందువెనకల తేడా ఉండాలని ఒక పదం కలుపుతాం. ఆ తేడాలు మారిస్తే నడక మారుతుంది. స్విట్జర్లాండ్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం ఈపీఎఫ్‌ఎల్‌లో ఔకే ఐస్పీర్ట్ బృందం 2007లో ఇలాగే సాలమాండర్ (బల్లిలా కనిపించే ఉభయచరం) రోబో చేసింది. వెన్నుపాము నమూనాకు ఇచ్చే సంకేతం బలం పెంచుతూ పోతే అది నడక ఆపేసి ఈత మొదలుపెడుతుంది. నడకకూ ఈతకూ వేర్వేరు ప్రోగ్రాములు లేవు, ఒకే నమూనా. క్లాసులో ఆ వీడియో చూసిన రోజే నేను ఇలాంటి పని చేసే మా ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేరాలనుకున్నాను.

బయాలజీ రావాలా అన్న ప్రశ్నకు నా జవాబు: ముందే రానక్కర్లేదు, వచ్చాక తప్పించుకోవడానికి మాత్రం లేదు. మా గైడ్ ఒక షరతు పెట్టారు. బయాలజీ డిపార్ట్‌మెంట్లో జంతు ప్రవర్తన, నాడీవ్యవస్థల మీద ఉన్న ఎలెక్టివ్ చేయాల్సిందే. ఇంటర్ ఎంపీసీ తర్వాత నేను బయాలజీ పుస్తకం ముట్టింది అప్పుడే. అక్కడ ఫార్ములాలు లేవు, డెరివేషన్లు లేవు. పరీక్షలో ఒక పరిశోధన పేపర్ ఇచ్చి "ఈ ప్రయోగం ఏం నిరూపించలేదు?" అని అడిగేవారు. ఏం నిరూపించింది అని కాదు! ఇంజినీరింగ్ బుర్రకు ఇది ఎక్కడానికి టైమ్ పట్టింది. ఆ కోర్సు చెప్పిన మేడమ్ మా రోబోటిక్స్ వాళ్ళకు ప్రత్యేకంగా ఒకమాట అనేవారు. జంతువు దేనిలోనూ అత్యుత్తమం కాదట. తినాలి, దాక్కోవాలి, గుడ్లు పెట్టాలి, శత్రువు నుంచి పారిపోవాలి. అన్నింటికీ అదే శరీరం. కాబట్టి "ప్రకృతి కోట్ల ఏళ్ళలో దీన్ని తీర్చిదిద్దింది, మనం కాపీ కొడితే చాలు" అని ప్రాజెక్టు ప్రపోజల్లో మొదటి వాక్యం రాసిన వాళ్ళకు ఆవిడ దగ్గర మార్కులు పడేవి కావు. నాకైతే ఆ వాక్యం ఇప్పటికీ ఎక్కడ కనిపించినా చిరాకు. కనిపించని ప్రపోజల్ మాత్రం అరుదు.

కాపీ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ చదువులో అసలు మెలిక అదే. కాలిఫోర్నియాలోని బర్కిలీలో రాబర్ట్ ఫుల్ ల్యాబ్ బొద్దింకల పరుగు మీద ఎన్నో ఏళ్ళు పనిచేసింది. ఒక ప్రయోగంలో పరిగెత్తే బొద్దింక వీపు మీద చిన్న ఫిరంగి లాంటిది అమర్చి, తుపాకిమందుతో పేల్చి, దాన్ని పక్కకు తోశారు. 2002లో వచ్చిన ఆ పేపర్ ప్రకారం 13 మిల్లీసెకన్లలోపే బొద్దింక సర్దుకోవడం మొదలుపెట్టింది. నాడుల ద్వారా కబురు వెళ్ళి, తిరిగి ఆదేశం వచ్చి, కండరం బిగుసుకోవడానికి ఆ టైమ్ చాలదు. అంటే సర్దుకున్నది మెదడు కాదు, కాళ్ళ స్ప్రింగుతనమే. కాళ్ళ స్ప్రింగుతనమే పరుగును నిలబెడుతుందన్న ఇదే ఆలోచనతో, ఆ పేపర్ రాకముందే, ఇంజినీర్లు చేసిన రోబో ఆర్‌హెక్స్. దాని మొదటి ఫలితాలు 2001లో వచ్చాయి. చూస్తే దానిలో బొద్దింక ఛాయలేమీ కనిపించవు. ఒక పెట్టె, వంగి స్ప్రింగులా పనిచేసే ఆరు కాళ్ళు, కాలికి ఒక్కటే మోటార్. మోకాలు లేదు, మీసాలు లేవు. మూడేసి కాళ్ళు ఒక జట్టుగా మారుతూ రాళ్ళ మీద, గడ్డిలో, మెట్ల మీద దూసుకుపోతుంది. బొద్దింక నుంచి తీసుకున్నది ఆకారం కాదు, ఆ ఒక్క సూత్రం. దీని పక్కన, కాలికి మూడు మోటార్లు పెట్టి అచ్చం పురుగులాగే తయారుచేసి, చదును నేల మీద తడబడుతూ నడిచే రోబోలు ప్రతి టెక్ ఫెస్ట్‌లోనూ కనిపిస్తాయి. ఫొటోలో అవే బాగుంటాయి మరి.

అంశం ఎంచుకునే దగ్గర సగం బ్యాచ్ బల్లి అంటుంది. నేనూ మొదట బల్లే అన్నాను. గోడ మీద బల్లి ఎలా నిలబడుతుందన్నది 2000లో కెల్లర్ ఆటమ్, ఫుల్ తదితరులు దాని పాదం మీది ఒక్క వెంట్రుక బలాన్ని కొలిచి చూపించారు. 2006 నాటికి స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ కట్కోస్కీ ల్యాబ్‌లో స్టిక్కీబాట్ గాజు గోడ ఎక్కింది. చదవడానికి అద్భుతమే, కానీ ఎంటెక్ రెండేళ్ళలో ఆ సూక్ష్మమైన వెంట్రుకలు తయారుచేసే సదుపాయం అన్నిచోట్లా ఉండదు. ఇంకో చిక్కు ఉంది. బల్లికి వెన్నెముక ఉంది. వెన్నెముక ఉన్న జంతువు మీద ప్రయోగమంటే సంస్థలోని జంతు నైతికత కమిటీ అనుమతి కావాలి. వీడియో మాత్రమే తీస్తామన్నా పట్టి, డబ్బాలో పెట్టి తీయాలి కదా, దరఖాస్తు పెట్టాల్సిందే. నాతోపాటు చేరిన ఒకబ్బాయి ఉడుము అన్నాడు. ఉడుంపట్టు మీద థీసిస్ అంటే వినడానికి భలేగా ఉంటుంది గానీ, వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూల్లో ఉంది. పులి ఉన్న షెడ్యూల్ అది. వాడు మర్నాడే చేపకు మారిపోయాడు.

పురుగులకు, జెర్రులకు, రోకలిబండలకు ఆ అనుమతుల గొడవ లేదు. జెర్రి కుడితే ఏమవుతుందో మన పల్లెల్లో వేరే చెప్పక్కర్లేదు. రోకలిబండ కుట్టదు, కరవదు, నెమ్మదిగా నడుస్తుంది, వాన పడితే క్యాంపస్ నిండా అవే. నా ఎంపిక వెనక ఇంతకన్నా గొప్ప ప్రేరణ ఏమీ లేదు. గైడ్‌కి చెబితే "సరే. ప్రశ్న ఏమిటి?" అన్నారు. రోకలిబండలా నడిచే రోబో చేస్తానన్నాను. "అది చేసే పని. ప్రశ్న ఏమిటి?" ప్రతి వారం మీటింగులో ఇదే. ఒక దశలో ఆయన గది వైపు వెళ్ళాలంటేనే టెన్షన్ వచ్చేది.

ప్రశ్న దొరికింది ఒక పేపర్లో. అమెరికాలో జార్జియా టెక్‌లో డేనియల్ గోల్డ్‌మన్ బృందం 2023లో సైన్స్ పత్రికలో బహుపాదుల నడక మీద ఒక వాదన పెట్టింది. 1948లో క్లాడ్ షానన్ సమాచార సిద్ధాంతంలో ఏం చెప్పాడు? లైను మీద రొద ఉన్నా, సందేశంలో తగినంత అదనపు భాగం కలిపితే అది చెడకుండా చేరుతుందని. గోల్డ్‌మన్ వాళ్ళు దాన్ని నేలకు అన్వయించారు. ఎగుడుదిగుడు నేల అంటే రొద. ఒక్కో కాలు జారొచ్చు, గాల్లో తేలిపోవచ్చు. కాళ్ళ జతలు తగినన్ని ఉంటే మాత్రం, ఏ సెన్సరూ లేకుండా, నేల ఎలా ఉందో తెలియకుండానే శరీరం అనుకున్న దూరం వెళ్తుంది. ఆ పేపర్ చదివి ఇన్నాళ్ళూ మనం ఒక్కో అడుగునూ లెక్కగట్టడానికి పడ్డ తంటాలన్నీ ఎందుకబ్బా అనిపించింది. నాలుగు కాళ్ళ రోబోకి కెమెరాలు, కంప్యూటర్లు పెట్టి ఒక్కో అడుగూ ఎక్కడ వేయాలో చూసుకోవాలి. ఈ బహుపాద రోబోకి అవేవీ లేవు.

అయితే కాళ్ళు ఎన్ని అన్నది ఒక్కటే విషయమా, అవి కదిలే వరసతో పని లేదా? గాలికి వరిచేను మీద అల పోయినట్టు రోకలిబండ కాళ్ళ మీద ఒక అల కదులుతుంది. ఆ అల తోక నుంచి తల వైపు వెళ్తుంది. మన పెద్ద జెర్రిలో దానికి తిరగబడి, తల నుంచి తోక వైపు వెళ్తుంది. కాగితం మీద లెక్క వేస్తే ఈ తేడాలో ఒక తమాషా బయటపడుతుంది. అల తల నుంచి తోకకు వెళ్తే నేల మీద ఆనిన పక్కపక్క పాదాలు దగ్గరపడతాయి. ముందు కాలు మోపిన చోటికి దగ్గర్లోనే వెనక కాలూ మోపుతుంది. అల తోక నుంచి తలకు వెళ్తే నేల మీది పాదాలు దూరదూరంగా విచ్చుకుంటాయి, గాల్లో ఉన్నవి గుంపు కడతాయి. అంటే జెర్రి పద్ధతిలో ముందు కాలికి మంచి చోటు దొరికితే అందరికీ దొరికినట్టే, చెడ్డ చోటు దొరికితే అందరికీ అదే గతి. రోకలిబండ పద్ధతిలో ఎవరి అదృష్టం వాళ్ళది. మరి నేల గురించి ఏమీ తెలియనప్పుడు ఏది మేలు? ఇది చెప్పాక గైడ్ మొదటిసారి కాగితం మీద ఏదో రాసుకున్నారు.

ముందు అసలు జీవిని కొలవాలి. గ్రాఫ్ కాగితం మీద గాజు పలకలతో సన్నని దారి కట్టి, రోకలిబండను వదిలి, పక్క నుంచి ఫోన్ స్లో మోషన్‌లో తీశాను. దాని నడకకు ఖరీదైన హైస్పీడ్ కెమెరా అక్కర్లేదు. ఒక ఇబ్బంది మాత్రం అందరికీ ఎదురవుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. దానితో వెలిగే ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. కంటికి తెలియదు గానీ సెకనుకు 240 ఫ్రేములు తీస్తే వీడియో అంతా చారలు. బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీ లైటు పెట్టుకుంటే పోతాయి. రోకలిబండను పట్టేటప్పుడు గ్లోవ్స్ వేసుకోవాలి. భయపడ్డప్పుడు అది వదిలే ద్రవంలో బెంజోక్వినోన్లు ఉంటాయి, వేళ్ళకు అంటుకుంటే గోధుమరంగు మరక ఓ పట్టాన వదలదు, వాసన సంగతి చెప్పనక్కర్లేదు. వదిలిన ప్రతిసారీ అది నడవాలనేముంది? చుట్ట చుట్టుకుని పడుకుంటుంది. మనం టీ తాగి రావాలి.

వీడియోల నుంచి కాళ్ళను గుర్తించడానికి 2018లో వచ్చిన డీప్‌ల్యాబ్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు చాలా ల్యాబుల్లో వాడతారు. కొన్ని వందల ఫ్రేముల్లో మనం చుక్కలు పెట్టి చూపిస్తే మిగతావి అదే నేర్చుకుంటుంది. ఎలుకకు, ఈగకు బాగా పనిచేస్తుంది. రోకలిబండకు ఒక్కో వలయానికి రెండేసి జతల కాళ్ళు, అన్నీ ఒకే పోలిక. సాఫ్ట్‌వేర్ ఈ కాలును ఆ కాలు అనుకుని గెంతుతూ ఉంటుంది. దానికి విరుగుడు చెప్పింది బయాలజీ మేడమ్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఒక సీనియర్. ఒక్కో కాలిని వెంబడించడం మానేసి, పాదాల మట్టంలో ఒకే గీత మీది పిక్సెళ్ళు ప్రతి ఫ్రేములోంచి కోసి, ఒకదాని కింద ఒకటి పేర్చమన్నారు. దాన్ని కైమోగ్రాఫ్ అంటారు. పేర్చి చూస్తే ఏటవాలు చారలు వస్తాయి. చార ఎటు వాలిందో అల అటు వెళ్తోంది, వాలు ఎంతో వేగం అంత. ఎంతో కోడ్ రాసి సాధించలేనిది ఒక బొమ్మలో తేలిపోయింది. ఇంత పాత పద్ధతి మా రోబోటిక్స్ సిలబస్‌లో ఎక్కడా లేదు.

ఇక రోబో. నాది ఎనిమిది ఖండాల రోబో, ఖండానికి ఒక జత కాళ్ళు. రోకలిబండలో ఎడమ కుడి కాళ్ళు దాదాపు జంటగానే కదులుతాయి కాబట్టి ఒక సర్వో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు) రెండు కాళ్ళనూ ముందుకూ వెనక్కూ ఊపుతుంది, ఇంకొకటి పైకెత్తుతుంది. మొత్తం 16 సర్వోలు. పీసీఏ9685 అనే డ్రైవర్ బోర్డుకు సరిగ్గా 16 ఛానెళ్ళే ఉంటాయి. ఎనిమిది ఖండాలన్న నిర్ణయం వెనక పెద్ద సిద్ధాంతం ఏదైనా ఉందా అని రివ్యూలో అడిగితే, ఉన్న బోర్డు ఒకటే సార్ అని చెప్పాను, నవ్వి వదిలేశారు. 2021లో ఆస్ట్రేలియా నుంచి 1,306 కాళ్ళున్న రోకలిబండను ప్రకటించారు, వెయ్యి దాటిన మొదటి జీవి అదే. దాని రోబో ఎవరు చేస్తారో చూడాలి.

ఖండాలు గట్టి ప్లాస్టిక్ పీఎల్‌ఏతో త్రీడీ ప్రింట్ చేశాం. ఖండాల మధ్య రబ్బరులా సాగే టీపీయూ ప్లాస్టిక్ పట్టీలు పెట్టాం, నేల ఎత్తుపల్లాలకు శరీరం దానంతటదే వంగేలా. పొజిషన్ తిరిగి చెప్పే మంచి సర్వోలు విదేశాల నుంచి రావాలి, ధర చూస్తే గుండె ఆగుతుంది, మూడు కొటేషన్లు, సంతకాలు, కస్టమ్స్ దాటి వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది. అందుకని మామూలు ఎంజీ90ఎస్ మెటల్ గేర్ సర్వోలతోనే కట్టాను. అవి ఎక్కడ ఉన్నాయో తిరిగి చెప్పవు కాబట్టి పాదాలకు రంగు చుక్కలు అంటించి రోబోనూ వీడియో తీసి కొలిచాను. అలా అసలు జీవికీ యంత్రానికీ ఒకే కొలమానం వచ్చింది, అది మాత్రం బాగా కలిసొచ్చింది.

ఎలక్ట్రానిక్స్ తెలియని మెకానికల్ వాళ్ళకు ఒక హెచ్చరిక. సర్వోలన్నీ ఒకేసారి కదిలితే కరెంటు ఒక్కసారిగా లాగుతాయి, వోల్టేజి పడిపోతుంది, మైక్రోకంట్రోలర్ రీసెట్ అయిపోతుంది. రోబో రెండడుగులు వేసి మూర్ఛపోయినట్టు ఆగుతుంది. ప్రోగ్రాంలో తప్పుందేమోనని కోడ్ తిరగేస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. సర్వోలకు వేరే బ్యాటరీ, వేరే బక్ కన్వర్టర్ (వోల్టేజి తగ్గించి ఇచ్చే బోర్డు), గ్రౌండ్ మాత్రం రెండింటికీ కామన్, దగ్గర్లో ఒక పెద్ద కెపాసిటర్. ఇది ఏ పేపర్లోనూ రాయరు, ఏ ల్యాబ్‌లో చూసినా ఇదే కథ.

సిమ్యులేషన్, అంటే రోబోను ముందు కంప్యూటర్లో నడిపి చూడటం, ముజోకోలో చేశాను. ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సిన ఈ సాఫ్ట్‌వేర్‌ను డీప్‌మైండ్ 2021లో కొని ఉచితం చేసింది, మరుసటి ఏడాది కోడ్ కూడా తెరిచేసింది. మనలాంటి విద్యార్థులకు ఇది చిన్న సాయం కాదు. కానీ సిమ్యులేషన్‌లో పాదానికీ నేలకూ ఘర్షణ ఎంత అని మనమే ఒక అంకె ఇస్తాం. అసలు నేల మీద ఆ అంకె అడుగడుక్కీ మారుతుంది. అందుకే సిమ్యులేషన్ బొమ్మలు చూపించిన ప్రతిసారీ గైడ్ "బాగుంది, ఇక నేల మీద చూపించు" అనేవారు.

నేల అంటే వడ్రంగి దగ్గర కోయించిన చెక్క దిమ్మెలు. వేర్వేరు ఎత్తులు, కంప్యూటర్ ఇచ్చిన యాదృచ్ఛిక వరసలో పేర్చి, ఒక పరుగు అవగానే వరస మార్చి, మళ్ళీ. అలను ఒకసారి తోక నుంచి తలకు, ఒకసారి తల నుంచి తోకకు. కోడ్‌లో మారేది ఒక్క గుర్తు, ప్లస్ బదులు మైనస్. మా రోబోలో, మా దిమ్మెల మీద తేలింది ఇది: కాలు తక్కువ ఎత్తు లేపినప్పుడు రోకలిబండ పద్ధతిలో వేగం నిలకడగా ఉంది. జెర్రి పద్ధతిలో కొన్ని పరుగులు దానికన్నా వేగంగా సాగాయి, కొన్ని మధ్యలోనే ఇరుక్కుపోయాయి. కాలు ఎక్కువ ఎత్తు లేపితే రెండింటి మధ్య తేడా దాదాపు మాయమైంది. నేను ఆశించినంత నాటకీయంగా లేదు. అయినా కాగితం మీది లెక్క చెప్పిన దిశలోనే ఉంది.

ఈ ఫలితాన్ని రోకలిబండకు తిరిగి అన్వయించవచ్చా అన్నదే వైవాలో అసలు చర్చ. ఇద్దరు ఎగ్జామినర్లు. మెకానికల్ సార్ "దీన్ని ఎక్కడ వాడతారు?" అన్నారు. బయాలజీ సార్ "ఇది రోకలిబండ గురించి కొత్తగా ఏం చెప్పింది?" అన్నారు. ఒకరికి నచ్చే జవాబు ఇంకొకరికి నచ్చదు. ఈ రంగంలో ఉన్నన్నాళ్ళూ ఈ రెండు ప్రశ్నల మధ్యే ఉండాలి, ఎవరైనా తేలిగ్గా ఒడ్డెక్కేశానంటే నేను నమ్మను. నేను చెప్పింది ఇది: రోకలిబండ మట్టిలోకి, ఎండుటాకుల్లోకి తల దూర్చి తోసుకుంటూ పోయే జీవి. దానికి ఒకేసారి ఎక్కువ కాళ్ళు నేల మీద ఉండటం, తోపుకు బలం ఉండటం ముఖ్యం. ఆ అల దిశ అందుకే వచ్చిందో, నిలకడ కోసం వచ్చిందో నా రోబో తేల్చలేదు. నిలకడ కూడా ఒక కారణం కావచ్చని మాత్రం చెబుతుంది, ఎందుకంటే నా రోబో మట్టిని తోయడం లేదు, అయినా తేడా కనిపించింది. బయాలజీ సార్ తలాడించారు. మెకానికల్ సార్‌కి శిథిలాల కింద వెతకడం, పైపుల లోపల తనిఖీ అని చెప్పాను. ప్రతివాళ్ళూ అదే చెబుతారని ఆయనకూ తెలుసు.

వాడకం గురించి అంతకన్నా మంచి ప్రశ్న మా నాన్నగారు అడిగారు. మాకు పత్తి, మిరప. సెలవులకు వెళ్ళినప్పుడు వీడియో చూపిస్తే అమ్మ "ఏందమ్మా, చీపురుతో ఊడ్చి పారేసే దాని మీద పెద్ద చదువా?" అని నవ్వింది. నాన్న రెండుసార్లు చూసి "సాళ్ళ మధ్య పోతదా? కలుపు తీస్తదా?" అన్నారు. కూలీలు దొరక్క ఆయన పడే అవస్థ నాకు తెలుసు. తమాషా ఏమిటంటే ఆ 2023 పేపర్ వెనక ఉన్న గోల్డ్‌మన్ బృందం నుంచి పుట్టిన కంపెనీ అట్లాంటాలో ఇప్పుడు చేస్తున్నది అదే. జెర్రి లాంటి రోబోలతో తోటల్లో కలుపు తీయించే ప్రయత్నం. చక్రాల బండి వెళ్ళలేని చోట, మొక్కల మొదళ్ళ దగ్గర, తడి నేలలో పాకుతూ పోవాలని. మన నల్లరేగడిలో వాన పడ్డాక ఏ కాలైనా మట్టి ముద్దై కూర్చుంటుంది కాబట్టి నాన్నకు అవునని చెప్పలేదు.

ఉద్యోగాల మాట. మా బ్యాచ్‌లో ఎక్కువమంది ఆటోమొబైల్, గోడౌన్ రోబోలు, డ్రోన్లు చేసే కంపెనీలకు వెళ్ళారు. ఇంటర్వ్యూల్లో రోకలిబండ గురించి ఎవరూ అడగలేదు. మోటార్ కంట్రోల్, పైథాన్, సీ ప్లస్ ప్లస్, రోబో ప్రోగ్రాములకు వాడే ఆర్‌ఓఎస్, సెన్సర్ డేటాలో రొద ఎలా తీస్తావు, ఇవే. కాబట్టి థీసిస్ ఏ జంతువు మీదైనా ఈ పనులు చేత్తో చేసి ఉంటే ఉద్యోగానికి ఢోకా లేదు. ఇదే రంగంలో ఉండాలంటే పీహెచ్‌డీ తప్పదు. బయటికే వెళ్ళాలని లేదు. బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సంజయ్ సానే ల్యాబ్ పురుగుల ఎగరడం మీద పనిచేస్తుంది, ఐఐఎస్సీలో నాలుగు కాళ్ళ రోబోలు చేస్తున్నారు.

చేరాలనుకునే వాళ్ళు గైడ్‌ని కలిసినప్పుడు ఒకటి తప్పకుండా అడగండి. ఈ ల్యాబ్‌తో కలిసి పనిచేసే బయాలజీ వాళ్ళు ఎవరున్నారు, వాళ్ళ దగ్గర నేను కూర్చోవచ్చా అని. జవాబు తడబడితే అక్కడ జరిగేది పురుగు ఆకారపు రోబోలు చేయడమే. అది చెడ్డదేం కాదు, మంచి మెకానికల్ ప్రాజెక్టు అవుతుంది, కానీ ఈ చదువు మాత్రం అవదు. రెండో సంగతి, సీనియర్లు కట్టిన పాత రోబో ఒకటైనా ల్యాబ్‌లో నడిచే స్థితిలో ఉందో లేదో చూడండి. అద్దాల బీరువాలో బొమ్మల్లా పెట్టి ఉంటే ఆలోచించుకోండి.

నేను ప్రస్తుతం గోడౌన్‌లో తిరిగే చక్రాల బండ్లకు మోటార్ కంట్రోల్ రాస్తున్నాను, పీహెచ్‌డీ దరఖాస్తులు ఒకవైపు నడుస్తున్నాయి. నా రోబోను జూనియర్ ఒకడు తీసుకున్నాడు. ఖండాల మధ్య పట్టీల బిగువు మారిస్తే అల దిశ ప్రభావం మారుతుందా అన్నది వాడి ప్రశ్న. నాకు టైమ్ చాలక వదిలేసిన భాగం అది. మొన్న ఫోన్ చేసి రోబో రెండడుగులు వేసి ఆగిపోతోందక్కా, కోడ్ ఎంత చూసినా తప్పు కనిపించడం లేదు అన్నాడు. కెపాసిటర్ ఊడిపోయిందేమో చూడమన్నాను.